లోపలికి రావచ్చా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్కవాటా పిల్ల ఇంగ్లీషు నోట్సు చంకన పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఏడో తరగతి చదువుతోంది. “తాతయ్యా, లోపలికి రావచ్చా?” అంది. “రామ్మా, రా” అన్నాను. చాప మీద కూర్చుని, పుస్తకం తెరిచి, పెన్సిలుతో గీత గీసి పెట్టుకున్న వాక్యం ఒకటి చూపించింది. ‘హి మే నాట్ కమ్.’ దాన్ని తెలుగులో రాసుకురమ్మని హోంవర్కు. ఈ పిల్ల “అతను రాకపోవచ్చు” అని రాసింది. పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు “అతను రాకూడదు” అని రాసింది. శుక్రవారం సాయంత్రం నుంచీ ఇద్దరికీ మాటల్లేవట. “ఎవరిది రైటో నువ్వు చెప్పు తాతయ్యా” అంది.

ఇద్దరిదీ రైటే. ఆ ముక్క చెప్పడం క్షణంలో పని. ఎందుకు రైటో చెప్పేసరికి భోజనాల వేళయింది. ముప్ఫై ఏళ్ళు హైస్కూళ్ళలో ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి. కెన్, కుడ్, మే, మైట్ అనే ఈ నాలుగు పొట్టి మాటల దగ్గర పిల్లలు ఆగిపోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కూడా ఇక్కడికొచ్చేసరికి తడబడతారు. ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెబుతాను, ఇంకాస్త తీరిగ్గా. కాఫీ పక్కన పెట్టుకుని కూర్చోండి.

ముందు ఆ పిల్ల గుమ్మంలో అన్న మాటే చూడండి. తను “రావచ్చా?” అని అడిగింది. నేను “రావచ్చు” అనలేదు, “రామ్మా” అన్నాను. మన ఇళ్ళల్లో ఎవరూ “రావచ్చు” అని జవాబివ్వరు. అలా అంటే మధ్యలో ఒక బల్లా, బల్ల వెనకాల ఒక అధికారీ ఉన్నట్టుంటుంది. ఇంగ్లీషులోనూ ఇంతే. ‘మే ఐ కమిన్’ అన్నవాడికి ‘యస్, యూ మే’ అని చెబితే వ్యాకరణం తప్పలేదు గానీ, ఆ జవాబు కాస్త ఎత్తు మీంచి వస్తుంది. మామూలు మనుషులు ‘కమిన్, ప్లీజ్’ అంటారు, ‘ఆఫ్ కోర్స్’ అంటారు. అడిగేటప్పటి మర్యాద వేరు, ఇచ్చేటప్పటి మర్యాద వేరు. ‘కుడ్ ఐ బారో యువర్ పెన్’ అని ఎవరైనా అడిగితే ‘యస్, యూ కుడ్’ అనరు. ‘యస్, యూ కెన్’ అంటారు, లేకపోతే మాట లేకుండా పెన్ను చేతికిస్తారు. కుడ్ అనేది అడిగేవాడి వినయం. ఇచ్చేవాడికి దాంతో పని లేదు.

ఇప్పుడు మన ‘వచ్చు’ సంగతి. “రేపు మా అన్నయ్య రావచ్చు” అంటే వచ్చే అవకాశం ఉందని. “పనైపోయింది, నువ్విక వెళ్ళొచ్చు” అంటే సెలవిచ్చామని. “నాకు ఈత వచ్చు” అంటే విద్య. మూడు చోట్లా మాట ఒక్కటే. నడిచి రావడమనే మాటలోంచే చదువు రావడం, వీలు రావడం పుట్టుకొచ్చాయి. విద్యని మనం వెంటబడి పట్టుకున్నట్టు మన భాష చెప్పదు, అది మన దగ్గరికి వచ్చినట్టు చెబుతుంది. “వాడికి లెక్కలు రావు” అన్నా అదే. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఇంగ్లీషు కెన్‌కి ఈ వచ్చుతో దగ్గరి పోలిక ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో అది ‘కున్నన్’. అర్థం, తెలిసి ఉండటం. ‘నో’ అనే మాటా, జిత్తులు తెలిసినవాణ్ణి ‘కన్నింగ్’ అంటారే ఆ మాటా దీని రక్తసంబంధులే. అంటే ‘ఐ కెన్ స్విమ్’ అన్నవాడు మొదట్లో అన్నది “నాకు ఈత తెలుసు” అని. అచ్చం మన “ఈత వచ్చు” లాగానే. తెలిసినవాడు చేయగలడు కాబట్టి కెన్ తెలివి దగ్గర్నుంచి శక్తి దగ్గరికి జరిగింది. మరి మే? దాని పుట్టుక బలంలో ఉంది. మైట్ అనే మాటని ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ళు బలమనే అర్థంలో వాడుతూనే ఉన్నారు కదా. బలం ఉన్నవాడు చేయగలడు, అడ్డు లేనివాడూ చేయగలడు. ఆ అడ్డులేనితనంలోంచి మేకి అనుమతి అనే అర్థం వచ్చింది, జరగడానికి అడ్డేమీ లేదు అనడంలోంచి సంభావ్యత వచ్చింది. ఈలోగా కెన్ వచ్చి మే ఖాళీ చేసిన శక్తి కుర్చీలో కూర్చుంది.

మస్ట్ కథ ఇంకా విచిత్రం. దాని పాతరూపానికి అర్థం “చేయవచ్చు” అనే. అనుమతి మాట కాస్తా కాలక్రమంలో “చేసి తీరాలి”గా మారి కూర్చుంది. ఫ్రీమేసన్లు తమ ప్రార్థన చివర ‘సో మోట్ ఇట్ బి’ అంటారు. “అలాగే అగుగాక” అని దాని భావం. ఆ మోట్ అనేది మస్ట్‌కి మూలరూపం, పాత అర్థం వాసనతో అక్కడ మిగిలిపోయింది. కుడ్‌లో పలకని ‘ఎల్’ ఎందుకుందని పిల్లలు నన్ను ప్రతి ఏడూ అడిగేవారు. పూర్వం దానికి ఆ అక్షరమే లేదు. వుడ్‌లో, షుడ్‌లో ఒకప్పుడు నిజంగా పలికే ఎల్ ఉండేది. వాటి పక్కన కూర్చుని కూర్చుని కుడ్ కూడా ఒక ఎల్ తెచ్చుకుంది. పంక్తిలో కలవడానికి వేసుకున్న ఉత్తరీయం అని చెబితే పిల్లలు మళ్ళీ ఆ స్పెల్లింగు తప్పు రాసేవాళ్ళు కాదు.

1755లో సామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో కెన్ అంటే శక్తి, మే అంటే అనుమతి అని గీత గీశాడు. కవులు మాత్రం రెండిటినీ కలిపేస్తారని కూడా ఒప్పుకున్నాడు. ఆ గీతే తరవాత బడుల్లో చట్టమైంది. “కెన్ ఐ గో టు ద టాయిలెట్?” అని అడిగిన పిల్లవాణ్ణి “వెళ్ళే శక్తి ఉందా అని అడుగుతున్నావా?” అని ఎదురుప్రశ్న వేసి నిలబెట్టడం నేను కళ్ళారా చూశాను. ఆ పిల్లవాడు పొత్తికడుపు పట్టుకుని నిలబడ్డాడు. నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఇంగ్లీషు సొంతభాషగా ఉన్నచోట అనుమతికి కెన్ వాడటం వందేళ్ళకు పైబడిన అలవాటు. ఇళ్ళల్లో, బడుల్లో, కొట్లలో వాళ్ళు రోజంతా వాడేది అదే. మే కాస్త ఇస్త్రీ బట్టల మాట. కొత్తవాళ్ళ ముందు, పెద్దవాళ్ళ ముందు, రాతలో అది బావుంటుంది. పిల్లలకి ఆ తేడా చెప్పాలి. కానీ కెన్ అన్నందుకు శిక్ష వేయకూడదు.

నా తరగతుల్లో ‘మే ఐ కమిన్ సర్’ అనేది విడివిడి మాటలుగా ఎప్పుడూ వినపడలేదు. ‘మేకమిన్సార్’ అని ఒక్క మాటగా గుమ్మంలోంచి దూసుకొచ్చేది. పిల్లలకి అది అనుమతి కోరడం కాదు, లోపలికొచ్చే ముందు చెప్పాల్సిన నమస్కారంలాంటిది. అందుకే ఎనిమిదో తరగతికొచ్చి ‘ఇట్ మే రెయిన్’ అన్న వాక్యం చూసినప్పుడు వాళ్ళకి అయోమయం. వానకి ఎవరు అనుమతిచ్చారు మాస్టారూ అని ఒక కుర్రాడు నిజంగానే అడిగాడు. చాలా మంచి ప్రశ్న. “వాన రావచ్చు” అన్నప్పుడు నువ్వు వానకి అనుమతిస్తున్నావా అని తిరిగి అడిగాను. కాసేపు ఆలోచించి, “లేదండీ, ఊరికే వస్తుందేమో అంటున్నాను” అన్నాడు. ఆ ‘ఏమో’ దొరికిన క్షణం నుంచి వాడికి మే దొరికింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇంగ్లీషు మే, మన వచ్చు, రెండూ అనుమతినీ అవకాశాన్నీ ఒకే సంచీలో మోస్తాయి. “అతను లోపలికి రావచ్చు” అంటే అనుమతిచ్చారో, వచ్చే సూచనలున్నాయో ఆ వాక్యం ఒక్కదాన్నీ పట్టుకుని చెప్పలేం. ఇంతవరకూ రెండు భాషలూ సమానమే. కానీ వాక్యాన్ని ‘కాదు’ వైపు తిప్పి చూడండి. తెలుగు సంచీ అక్కడ విప్పుకుంటుంది. రాకపోయే అవకాశం ఉంటే “రాకపోవచ్చు.” అనుమతి లేకపోతే “రాకూడదు”, గ్రాంథికంగా “రారాదు.” ఒంట్లో శక్తో, చేతిలో వీలో లేకపోతే “రాలేడు.” ఆ వీలు ఉంటుందో ఉండదో తెలియకపోతే “రాలేకపోవచ్చు.” రావలసిన అవసరమే లేకపోతే “రానక్కర్లేదు.” ఎంత నిరక్షరాస్యుడైన తెలుగువాడూ ఈ అయిదింటినీ కలగాపులగం చేయడు. మూడేళ్ళ పిల్ల “తినను” అన్నదానికీ “తినలేను” అన్నదానికీ తేడా తెలిసి మాట్లాడుతుంది.

ఇంగ్లీషులో మొదటి రెండూ ‘మే నాట్’ ఒక్కదాంట్లోనే ఇమిడిపోతాయి. మాట్లాడేటప్పుడు గొంతులో నొక్కు సాయపడుతుంది, చుట్టూ ఉన్న సందర్భం సాయపడుతుంది. కాగితం మీద ఆ రెండూ ఉండవు. ఆ పిల్లలిద్దరి దెబ్బలాటా అక్కడే మొదలైంది. ఒక పిల్ల మే అనే మాటని ఉంచి, రావడాన్ని కాదంది: రాకపోవడం జరగవచ్చు. రెండో పిల్ల మేనే కాదంది: రావడానికి అనుమతి లేదు. ‘నాట్’ దేని మెడలో పడిందన్నదే తేడా.

కాబట్టి నా తరగతిలో నేను వాడిన కిటుకు మీకూ చెబుతాను. ఏ ఇంగ్లీషు మాట వేయాలో తోచనప్పుడు, మీ మనసులో ఉన్న తెలుగు వాక్యాన్ని ఒకసారి వ్యతిరేకంలోకి తిప్పండి. ‘రాకపోవచ్చు’ వచ్చిందా, మీరు అవకాశం గురించి మాట్లాడుతున్నారు, మే గానీ మైట్ గానీ వేయండి. ‘రాకూడదు’ వచ్చిందా, అది అనుమతి, కెన్ వేసినా మే వేసినా సరే. ‘రాలేడు’ వచ్చిందా, అది శక్తి, కెన్ ఒక్కటే. మీకు తెలియదనుకున్న తేడా మీకు పుట్టుకతో వచ్చే ఉంది.

ఈ కిటుకు రాతలో ఎంత అక్కరకొస్తుందో మా తోడల్లుడి కొడుకు ఉదంతం చెబుతుంది. ఎమ్మెస్‌కని అమెరికా వెళ్ళిన కొత్తలో నలుగురు కుర్రాళ్ళు కలిసి అపార్ట్‌మెంటు తీసుకున్నారు. అద్దె ఒప్పందంలో ఒక వాక్యం: అద్దెకున్నవాళ్ళు యజమాని రాతపూర్వక అంగీకారం లేకుండా ఇంకొకరికి ఇల్లు ఇవ్వడం గురించి ‘మే నాట్’ అని ఉంది. వేసవి సెలవులకి ఇండియా వస్తూ వీడు తన గదిని ఇంకో కుర్రాడికి రెండు నెలలకి ఇద్దామనుకున్నాడు. ఫోన్లో ఆ వాక్యం నాకు చదివి వినిపించి, “ఇవ్వకపోవచ్చు అనే కదా బాబాయ్, అంటే ఇవ్వనూ వచ్చు” అన్నాడు. ఒప్పందాల్లో, నిబంధనల్లో మే నాట్ అంటే ఎప్పుడూ “కూడదు” అనేరా నాయనా అన్నాను. యజమానికి ఉత్తరం రాసి, ఒప్పుకోలు తీసుకునే ఇచ్చాడు. బడిలో వాడు మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. ఆ ఒక్క తిరగేత ఎవరూ చూపించలేదు.

ఈ మే నాట్ తంటా ఇంగ్లీషు సొంతభాష అయినవాళ్ళకీ ఉంది. ఇంటర్నెట్ నడవడానికి కావలసిన ప్రమాణాలు రాసే నిపుణులకి ఒక పత్రం ఉంది, హైదరాబాదులో నెట్‌వర్కింగ్ పని చేసే పిల్లలు చాలామంది చూసే ఉంటారు. పేరు ఆర్.ఎఫ్.సి. 2119. 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్‌నర్ రాసింది. ప్రమాణపత్రాల్లో మస్ట్ అంటే ఇదీ, షుడ్ అంటే ఇదీ, మే అంటే ఇదీ అని రెండు మూడు పేజీల్లో అర్థాలు కట్టడి చేసింది. మస్ట్‌కి ఎదురుగా మస్ట్ నాట్ ఉంది. షుడ్‌కి ఎదురుగా షుడ్ నాట్ ఉంది. మే ఉంది, కానీ మే నాట్ ఆ జాబితాలో లేనే లేదు. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలసిన చోట రెండర్థాల మాట పనికిరాదు మరి.

చట్టంలో మే బరువు ఇంకా ఎక్కువ. మన రాజ్యాంగం 74వ అధికరణంలో మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి ‘షల్’, అంటే నడుచుకోవాలి, అని 1976 నాటి 42వ సవరణ రాసింది. 44వ సవరణ దానికి ఇంకో వాక్యం చేర్చింది: ఆ సలహాని ఇంకోసారి ఆలోచించమని రాష్ట్రపతి ‘మే’, అంటే కోరవచ్చు. మళ్ళీ ఆలోచించాక వచ్చిన సలహా ప్రకారం మాత్రం ‘షల్’. ఆ సవరణ వచ్చేనాటికి రాష్ట్రపతి మన నీలం సంజీవరెడ్డి గారే. ఒక్క మే వల్ల రాష్ట్రపతి చేతికి కాగితం ఒకసారి వెనక్కి పంపే హక్కు వచ్చింది. ఆ వెంటనే ఉన్న షల్ ఆ హక్కుని ఒక్కసారితో ఆపింది. ఇంత దేశానికి సంబంధించిన సంగతి రెండు చిన్న మాటల మీద నిలబడి ఉంది.

మన ఆఫీసుల్లో ఇంకో మే ఉంది, అది ఇంగ్లండులో దొరకదు. గుమాస్తా నోటు ఫైలు మీద ‘లీవ్ మే బి శాంక్షన్డ్’ అని రాస్తాడు. అక్కడ మే అంటే “మంజూరు చేయడం సబబు” అన్న సిఫారసు. అదే పై అధికారి ‘ఆర్డర్స్ మే బి ఇష్యూడ్’ అని రాసి సంతకం పెడితే అది ఆజ్ఞ, ఇవ్వకపోతే ఊరుకోడు. కింది నుంచి పైకి వెళ్తే మనవి, పై నుంచి కిందికి వస్తే ఉత్తర్వు. ఎవరు రాశారన్నదాన్ని బట్టి మాట అర్థం మారిపోవడం మనకి కొత్త కాదు. మన “చూడండి” కూడా బతిమాలడం అవుతుంది, హుకుం అవుతుంది.

మందుల చీటీ మీది మే గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. జలుబు మాత్రల అట్ట మీద ‘మే కాజ్ డ్రౌజినెస్’ అని ఉంటుంది. మగత రావచ్చు, రాకపోనూ వచ్చు. బండి నడిపేవాళ్ళు దాన్ని ‘వస్తుంది’ అనే చదువుకోవాలి. కొన్ని అట్టల మీద మే బదులు ‘కెన్’ ఉంటుంది. కెన్ అంటే ఆ మందు స్వభావంలోనే ఆ గుణం ఉందని చెప్పడం. ఇక్కడ మనవాళ్ళు తరచూ చేసే పొరపాటొకటి ఉంది. ‘ఇట్ కెన్ రెయిన్ టుమారో’ అంటారు. రేపటి వాన గురించి కెన్ కుదరదు, మే, మైట్, కుడ్ ఈ మూడిట్లో ఏదో ఒకటి వేయాలి. “రెంటచింతలలో మే నెలలో ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది” అన్నప్పుడు కెన్ చక్కగా కుదురుతుంది. అది ఆ ఊరి ఎండ స్వభావం. “రేపు దాటవచ్చు” అంటే మే. తెలుగులో ‘ఒక్కోసారి’ అన్న మాట పడితే కెన్, ‘ఏమో’ పడితే మే. వాతావరణ వార్తల్లో రోజూ వినే “వర్షాలు కురిసే అవకాశం ఉంది” అన్న వాక్యానికి కూడా కెన్ సరిపోదు.

ఇక కుడ్. ఇది కెన్‌కి భూతకాల రూపం. మరి ఎదురుగా ఉన్న మనిషిని ఇప్పుడు చేయమని అడగడానికి భూతకాలం ఎందుకు? మీకు ఈ సంగతి తెలుసు, గమనించి ఉండరంతే. పెద్దాయన దగ్గరికి అప్పు కోసమో సిఫారసు కోసమో వెళ్ళినవాడు ఏమంటాడు? “మీతో ఒక మాట చెబుదామని వచ్చానండీ.” “మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నాను.” అనుకున్నాను, నిన్నా? కాదు, ఇప్పుడే అనుకుంటున్నాడు. కానీ ‘అనుకున్నాను’ అనడంలో కోరికని రెండడుగులు దూరంగా పెట్టాడు. కాదంటే అవతలివారికి ఇబ్బంది లేకుండా, తనకి చిన్నతనం లేకుండా. కుడ్ చేసే పనీ అదే. కాలంలో దూరం మర్యాదలో దూరమవుతుంది.

మన ‘గల’ కూడా మర్యాదకి దిగింది. నోటీసుల్లో చూడండి: “ప్రయాణికులు గమనించగలరు.” ఎవరైనా ఇది ప్రయాణికుల చూపు గురించి చెప్పిన మాటగా చదువుతారా? గమనించండి అని వేడుకోవడం. శుభలేఖల్లో “వధూవరులను ఆశీర్వదించగలరని ప్రార్థన” అంటాం. చేయగల శక్తి మీకుందని చెప్పడమే చేయమని అడగడం. ‘కెన్ యూ హెల్ప్ మి’లో ఇంగ్లీషువాడు నడిచిన దారీ ఇదే. ఒక్క తేడా. మనం ఇంట్లో, బస్సులో ‘గల’ వాడం. పక్కనున్నాయనతో “కాస్త జరుగుతారా?” అంటాం. “జరగగలరా?” అంటే ఆయనకి నడుం నొప్పేమో అని అడిగినట్టుంటుంది.

కుడ్ దగ్గర తెలుగువాళ్ళు పడే గొయ్యి ఒకటుంది. దాన్ని కొంచెం దగ్గర్నుంచి చూపిస్తాను. మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకసారి రాత్రి మూడింటి దాకా మేలుకుని పని పూర్తి చేసి, విదేశంలో ఉన్న వాళ్ళకి ఈమెయిలు పెట్టాడు: ‘వి కుడ్ కంప్లీట్ ద టెస్టింగ్ లాస్ట్ నైట్.’ తెల్లారేసరికి జవాబు వచ్చింది: ‘సో, డిడ్ యూ?’ అంటే, “మరి చేశారా?” అని. వాడికి చాలా బాధేసింది. చేశామనే కదా రాసింది మావయ్యా అన్నాడు.

వాడి మనసులో ఉన్న తెలుగు “పూర్తి చేయగలిగాం.” గలిగాం అంటే అయిపోయింది, చేతిలో ఫలితం ఉంది. ఇంగ్లీషు కుడ్‌లో ఆ ఫలితం లేదు, వీలు మాత్రమే ఉంది. ‘వి కుడ్ కంప్లీట్’ అంటే “చేసే వీలుండింది” అనో “కావాలంటే చేస్తాం” అనో అవతలివాడి చెవికి వినపడుతుంది. ఒక్కసారి జరిగిపోయిన పనికి ‘వర్ ఏబుల్ టు’ అనాలి, ‘మేనేజ్డ్ టు’ అనాలి. అన్నిటికన్నా ఉత్తమం ‘కంప్లీటెడ్’ అని ఊరుకోవడం. అదే, “చిన్నప్పుడు కాలవని అటూ ఇటూ ఈదగలిగేవాణ్ణి” అన్నప్పుడు కుడ్ హాయిగా సరిపోతుంది. అది ఆ రోజుల్లో ఎప్పుడూ ఉన్న శక్తి. చూశారా, ఇక్కడా తెలుగే దారి చూపిస్తోంది. ‘గలిగేవాణ్ణి’ అయితే కుడ్. ‘గలిగాను’ అయితే కుడ్ వద్దు. ‘లేకపోయాను’ అయితే మళ్ళీ నిశ్చింతగా కుడ్ నాట్ వేసుకోవచ్చు. జరగని పనికి వీలు లేకపోవడమూ ఫలితం లేకపోవడమూ ఒకటే కనక. కనిపించడం, వినిపించడం, గుర్తుండటం లాంటి చోట్ల కుడ్‌కి ఈ పేచీ లేదు, ‘ఐ కుడ్ సీ ద టవర్’ అనొచ్చు.

మైట్ ఒక్కటీ మిగిలింది. మామూలు వాడుకలో మే కన్నా మైట్ ఒక పిసరు తక్కువ నమ్మకం, అంతే. “రావచ్చు” అన్నదానికీ “వస్తాడో ఏమో” అన్నదానికీ ఉన్నంత. ఈ కాలం ఇంగ్లీషు మాటల్లో రెండూ చాలామట్టుకు కలిసిపోయాయి కూడా. కానీ దానికి ‘హావ్’ తగిలి, గడిచిపోయిన సంగతి చెప్పేటప్పుడు మటుకు జాగ్రత్త. ‘మే హావ్’ అంటే జరిగిందో లేదో ఇంకా తెలియదు. ‘మైట్ హావ్’ అంటే అదీ కావచ్చు, “జరగబోయి తప్పిపోయింది” అనీ కావచ్చు. తెలుగులో ఈ రెండూ ఆమడ దూరంలో ఉంటాయి. “పడవ మునిగి ఉండవచ్చు” అంటే ఒడ్డున నిలబడినవాళ్ళ గుండె గుప్పిట్లో ఉంది. “పడవ మునిగిపోయేదే” అంటే అందరూ ఇంటికొచ్చి అన్నాలు తింటూ చెప్పుకుంటున్నారు.

పోయిన చలికాలం మా బావగారు కూతురి దగ్గరికని న్యూజెర్సీ వెళ్ళారు. అక్కయ్య మోకాళ్ళ నొప్పుల వల్ల ఇక్కడే ఉండిపోయి, మా ఇంట్లో ఉంది. ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మనవడి దగ్గర్నుంచి ఫోనుకి సందేశం వచ్చింది. వాడు అక్కడే పుట్టి పెరిగినవాడు, ఇంగ్లీషులోనే రాస్తాడు. ‘తాతయ్య స్లిప్డ్ ఆన్ ద స్టెప్స్. హి మైట్ హావ్ బ్రోకెన్ హిజ్ హిప్.’ అక్కయ్య కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, ఫోను నా చేతిలో పెట్టి, “తుంటి విరిగి ఉండొచ్చంటున్నాడురా” అంది. ఆవిడ చదివింది తప్పు కాదు. ఆ వాక్యానికి ఆ అర్థమూ ఉంది. కాదేమో అక్కయ్యా, విరిగేదే అంటున్నాడేమో అన్నాను గానీ, నాకు మాత్రం ఏం తెలుసు. ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. వాడు బడికి వెళ్ళిపోయాడు, మా మేనకోడలు ఆఫీసులో మీటింగులో ఉంది, బావగారి ఫోను మోగి మోగి ఆగిపోతోంది. అక్కయ్య దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంది. అన్నానికి లేవలేదు.

రాత్రి పదిన్నరకి మనవడే ఫోను చేశాడు, బడిలో మధ్యాహ్నం భోజనం గంటలో. మెట్ల మీద మంచు పేరుకుంటే తాతయ్య కాలు జారిందట, వెనకాలే ఉన్న వీడు చెయ్యి పట్టి ఆపాడట. తాతయ్య ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నారట, ఫోను కింద సోఫాలో ఉందట. “విరిగిందా నాన్నా, విరగలేదా?” అంది అక్కయ్య. వాడు తెలుగు వెతుక్కుంటూ, “లేదు అమ్మమ్మా, విరగలేదు” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, “విరిగేది... విరిగేదే” అన్నాడు. అక్కయ్య ఫోను నాకిచ్చి, వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టుకుంది.